పుట్టుక నేరమా?

ఒకనాడు చీమకుర్తిలో నేను పాఠం చెబుతున్న తరగతిలో ఒక విద్యార్థి కలం కనిపించలేదు. “స్టువర్టుపురం వాళ్ళెవరైనా వచ్చిపోయారేమో!” అన్నాడొకడు. తరగతి గొల్లుమన్నది. వెనుక బల్ల మీది బాలుడొకడు తల వంచుకొన్నాడు. అతని తల్లిది ఆ ఊరేనని తరువాత తెలిసింది. వారించవలసిన నేను పాఠంలోకి వెళ్ళిపోయాను. ఆనాటి నా మౌనం నన్నింకా బాధిస్తూనే ఉన్నది.

ఒంగోలులో రైలెక్కి చీరాల దాటితే, నేటి బాపట్ల జిల్లాలో స్టువర్టుపురం వస్తుంది. ఎరుకలవారు ఒకప్పుడు ఉప్పు, ధాన్యం పశువుల మీద మోసుకుపోయి ఊరూరా అమ్ముకొని జీవించేవారు. రైళ్ళు వచ్చి, ఉప్పుపై ప్రభుత్వ నియంత్రణ బిగిసి, ఆ వ్యాపారం చితికిపోయింది. జీవనోపాధి కోల్పోయినవారి సంచారాన్నే పాలకులు అనుమానించారు. 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరింపజేశారు. ఎరుకలవారిని స్టువర్టుపురం సెటిల్‌మెంటులో ఉంచి, దాని నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. వేళకు హాజరు చెప్పుకోవాలి. అనుమతి లేనిదే ఊరు దాటరాదు. దొంగతనం ఎరుగని పసిబిడ్డకు సైతం ఆ ముద్ర తప్పలేదు.

భారతంలో అస్త్రవిద్యా ప్రదర్శన వేళ అర్జునునితో పోరుకు నిలిచిన కర్ణుని విద్యను చూడక, అతని కులమేదని అడిగారు. ఈ చట్టం అడిగినదీ ఆ ప్రశ్ననే.

స్వాతంత్ర్యానంతరం 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. అయినా కొన్ని రాష్ట్రాల జైలు నిబంధనలలో కులాన్ని బట్టి వంటపని ఒకరికి, పాకీపని మరొకరికి కేటాయించే పద్ధతి మిగిలిపోయింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు అటువంటి నియమాలను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసి, ఖైదీల రిజిస్టర్లలో కులం గడినే తొలగించమని ఆదేశించింది.

ఈ వివక్ష మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో 1865 నాటి రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేస్తూనే, నేరానికి శిక్ష పడినవారిని మినహాయించింది. ఆ మినహాయింపును ఆసరా చేసుకొని దక్షిణాది రాష్ట్రాలు నల్లజాతి ఖైదీల చేత దీర్ఘకాలం వెట్టిచాకిరి చేయించాయి.

నేరం చేసినవానిని విడిచిపెట్టమని నేననడం లేదు. శిక్ష చేసిన పనికి పడాలి, పుట్టుకకు కాదు. రిజిస్టరులోని గడిని న్యాయస్థానం తొలగించగలదు. చీమకుర్తి రాతి మీది చెక్కడంలా మన మాటలలో నిలిచిపోయిన ముద్రను మనమే చెరపాలి. విద్యార్థులారా! కలం పోతే కలాన్నే వెదకండి. ఎవరైనా ఊరి పేరో, కులం పేరో ఎత్తితే అక్కడే వారించండి. ఆనాడు నేను చేయని పని మీరు చేయండి.