జల్లెడ సరే... జవాబు మాటేమిటి?

బడి పని ఇప్పుడు సగం ఫోన్‌లోనే. ప్రాజెక్టు వర్కనీ, చార్టుకి బొమ్మలనీ, హోంవర్కు వాట్సాప్‌లో పెట్టారనీ సాయంత్రమయ్యేసరికి పిల్లలు ఫోన్ కోసం చెయ్యి చాస్తారు. చాలా ఇళ్లలో పిల్లలకంటూ వేరే ఫోనుండదు. నాన్న ఫోన్ నాన్నతో పాటే బయటికి పోతుంది. ఇంట్లో మిగిలేది అమ్మ ఫోనే. అందుకే పిల్లలు ఇంటర్నెట్‌లో ఏం చూస్తున్నారో కనిపెట్టే బాధ్యతా, ఏదైనా తేడా వస్తే పడే నిందా రెండూ అమ్మకే. "ఇంట్లో ఉండి నువ్వేం చేస్తున్నావ్?" అన్న మాట మనలో ఎంతమంది వినలేదు?

ఆ భయంతోనే తల్లులు ఒకరినొకరు అడుగుతుంటారు, "పిల్లలకి పనికొచ్చేవే చూపించే సెర్చి ఏదైనా ఉందా?" అని. ఉంది. ఈ ఆలోచన కొత్తదేం కాదు. యాహూ సంస్థ 1996లోనే యాహూలిగన్స్ అని పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక వెబ్ గైడ్ పెట్టింది. పిల్లలకు తగినవి అనుకున్న సైట్లనే ఏరి అందులో చేర్చేవారు. ఆ తర్వాత పేరు యాహూ కిడ్స్‌గా మారి, 2013లో మూతపడింది. 2014లో కిడిల్ వచ్చింది. పేరూ, రంగులూ చూసి గూగుల్ వాళ్లదే అనుకుంటారు చాలామంది. కాదు. గూగుల్ సెర్చిని ఆధారం చేసుకుని నడిచే వేరే సైటు అది. గూగుల్‌లోనే సేఫ్‌సెర్చ్ అనే సదుపాయం ఉంది. సెట్టింగుల్లోకి వెళ్లి ఫిల్టర్ అన్నది ఎంచుకుంటే బూతు బొమ్మలు, అశ్లీల సైట్లు చాలావరకు రావు. వీడియోల కోసం 2015లో యూట్యూబ్ కిడ్స్ వచ్చింది.

ఇవన్నీ జల్లెడలు. వీటిని వాడొద్దని నేననను. తప్పకుండా వాడాలి. ఐదో తరగతి పిల్లాడు ఏనుగు బొమ్మ కోసం వెతికితే ఏనుగే కనిపించాలి, ఇంకేదో కాదు. అయితే జల్లెడ పెట్టేశాం, ఇక మన పనైపోయిందని కూర్చుంటేనే చిక్కు.

ఏ జల్లెడకైనా కన్నాలుంటాయి. 2017లో పిల్లలకు తెలిసిన కార్టూన్ బొమ్మలతోనే తయారుచేసిన హింసాత్మకమైన, వెకిలి వీడియోలు యూట్యూబ్ కిడ్స్‌లోకి కూడా చొరబడ్డాయని పెద్ద గొడవే అయింది. గూగుల్ సేఫ్‌సెర్చ్ గూగుల్‌లో వెతికినదాన్నే వడకడుతుంది. వాట్సాప్‌లో ఎవరో పంపిన వీడియో దాని చేతికి చిక్కదు.

దీనికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. రాళ్లతో పాటు బియ్యం కూడా పారబోసే జల్లెడ. 2016లో కిడిల్ మీద ఇలాంటి విమర్శే వచ్చింది. లైంగిక విషయాలకు సంబంధించిన మామూలు పదాలు కొడితే కూడా అడ్డుకుంటోందన్నారు. యంత్రానికి మాట తెలుస్తుంది గానీ, ఆ మాట అడిగిన పిల్ల మనసు తెలియదు కదా!

మాకు తెలిసినావిడ ఒకరోజు ఫోన్ తీసుకుని కంగారుగా వచ్చింది. కూతురు ఎనిమిదో తరగతి. "చూడండి, ఇది ఏమేం వెతుకుతోందో! ఇవేవీ రాకుండా లాక్ చేసే దారి చెప్పండి" అంది. ఫోన్ లాక్కుని అప్పటికే రెండు రోజులైందట. నేను తీసి చూశాను. ఆ పిల్ల అడిగింది ఒక్కటే: నెలసరి రోజుల్లో ఖోఖో ఆడొచ్చా? బడిలో పోటీలు దగ్గరపడ్డాయి, తారీకు లెక్కేసుకుంది. అమ్మనడిగితే ఏమంటుందోనని ఫోన్‌ని అడిగింది. ఇందులో లాక్ చేయాల్సిందేముంది?

ఒంట్లో బాగుంటే నిక్షేపంగా ఆడొచ్చు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఒక అమ్మ చాలు. కానీ మనం చెప్పం. "ఛీ, అవేం మాటలు" అంటాం. కౌమార దశ పాఠం హైస్కూలు సైన్సు పుస్తకంలోనే ఉంటుంది. అయినా "మీరే చదువుకోండి" అని దాటేసే టీచర్లున్నారు. ఆఖరికి ఫోన్ కూడా ఖాళీ పేజీ చూపిస్తే ఆ పిల్లకేమర్థమవుతుంది? తానేదో తప్పు అడిగానని. అప్పుడు స్నేహితురాలి అన్న ఫోన్‌లోనో, ముక్కూమొహం తెలియని వాడితో చాటింగులోనో అడుగుతుంది. ప్రమాదం ఉన్నది అక్కడ. ఎవరైనా చెయ్యకూడని చోట చెయ్యి వేసినప్పుడు ఏం చెయ్యాలని అడగాల్సిన పిల్లకి కూడా దారి మూసేసినట్టే కదా!

మరి తెలుగు మీడియం పిల్లల సంగతి? కిడిల్ లాంటివి ముఖ్యంగా ఇంగ్లీషు చదివే పిల్లలకోసం ఉన్నాయి. మనవాళ్లకు 2015లో ఈ-పాఠశాల, 2017లో దీక్ష వచ్చాయి. మన పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు కూడా అచ్చువేశారు. మంచిదే. అయితే అక్కడ పాఠం దొరుకుతుంది గానీ, పిల్ల మనసులోని సందేహానికి జవాబు దొరకదు. పైగా పిల్లలది అనగానే భద్రమని నమ్మడానికీ లేదు. దీక్ష యాప్ పిల్లలు ఎక్కడున్నదీ తెలిపే సమాచారాన్ని సేకరిస్తోందని 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ తన నివేదికలో ఎత్తిచూపింది. పిల్లల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023లో చట్టం చేశారు. అనుమతి అడిగినప్పుడు చదవకుండా 'ఓకే' నొక్కేస్తే ఆ చట్టం వల్ల ఏం లాభం?

నేననేది ఇంతే. ఫోన్‌లో సెట్టింగులు మార్చే పని అమ్మ ఒక్కదానిదే కాదు, నాన్నది కూడా. అది నేర్పే పని బడిది. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల లెక్క అయ్యాక ఓ అరగంట దీనికి కేటాయించమని అడుగుదాం. విద్యాశాఖ పిల్లల పోర్టల్‌లో డాక్టర్ల చేత తెలుగులో, పిల్లలకర్థమయ్యే మాటల్లో కౌమార దశ సందేహాలకు జవాబులు రాయించాలి. ఆపదలో పిల్లలు ఎవరికైనా చెప్పుకోవడానికి 1098 నంబరుందని ప్రతి పిల్లకీ తెలియాలి.

ఇక ఇంట్లో మనం చెయ్యాల్సింది పైసా ఖర్చు లేనిది. "ఫోన్‌లో పిచ్చి బొమ్మ ఏదైనా కనబడితే వెంటనే వచ్చి చెప్పు, ఫోన్ లాక్కోను, కొట్టను" అని పిల్లలతో ముందే అనండి. అన్నాక ఆ మాట మీద నిలబడండి. నెలసరి గురించి అడిగినా, ఇంకేమడిగినా తెలిసింది చెప్పండి. తెలియకపోతే "రా, ఇద్దరం కలిసి చూద్దాం" అనండి. ఆ మాట ఏ సెర్చీ అనదు. మనమే అనాలి.