శిరస్త్రాణంపై కెమెరా

సాహస క్రీడాకారులు శిరస్త్రాణానికి కెమెరా బిగించుకోవడం నేడు పరిపాటి. కొనేటప్పుడు అందరూ చిత్ర స్పష్టతనే విచారిస్తారు. నేను మాత్రం ముందుగా బరువునూ, బిగింపునూ చూడాలంటాను. 2013 డిసెంబరు 29న ఫ్రాన్సులోని మెరిబెల్ వద్ద మంచువాలుపై స్కీయింగ్ చేస్తూ పడి, తల బండకు తగిలి తీవ్రంగా గాయపడిన కారు పందేల వీరుడు మైకేల్ షుమాకర్ శిరస్త్రాణానికీ కెమెరా ఉంది. గాయానికి అదే కారణమని రుజువు కాలేదు. కాని నున్నని పెంకుపై కొమ్మువలె పొడుచుకొని ఉన్న వస్తువు దేనికైనా చిక్కుకొంటే మెడ మెలిపడవచ్చు. కనుక గట్టి దెబ్బకు ఊడిపోయే బిగింపే మేలు. కెమెరా పోతుందంటారా? పోనీయండి! గోప్రో హీరో 12 బ్లాక్ బరువు 154 గ్రాములు. ఇన్‌స్టా 360 గో 3 సుమారు 35 గ్రాములే. స్పష్టత కొంత తగ్గినా తలకు భారం తగ్గుతుంది. అసలు ఛాతీకి కట్టుకొంటే చేతులూ, మోకాళ్లూ చిత్రంలోకి వచ్చి వేగం మరింత బాగా తెలుస్తుంది.