జిల్లా నొక్కితే మండలాలు

పిల్లల స్కాలర్‌షిప్పో, ఆదాయ ధ్రువపత్రమో, ఏదో ఒక ఆన్‌లైన్ ఫారం నింపని ఇల్లు ఈ రోజుల్లో అరుదు. పేరు, పుట్టిన తేదీ అయ్యాక మూడు గడులు వరసగా వస్తాయి: జిల్లా, మండలం, గ్రామం. ముందుగా మండలం గడి నొక్కి చూడండి. ఉలకదు, పలకదు. జిల్లా గడిలో గుంటూరు ఎంచుకోండి. వెంటనే మండలం గడికి ప్రాణం వస్తుంది. తాడికొండ, ప్రత్తిపాడు, పెదనందిపాడు... అంటూ జాబితా కిందికి జారుతుంది. జిల్లా మార్చి కర్నూలు అనండి. ఆ పేర్లన్నీ మాయమై ఆలూరు, ఎమ్మిగనూరు, కోడుమూరు వచ్చి కూర్చుంటాయి. పేజీ మాత్రం కదల్లేదు, మళ్లీ లోడ్ కాలేదు. మరి ఆ గడికి ఎవరు చెప్పారు?

ఈ వారం ఆ కిటుకు చూద్దాం. ఇంట్లో వెబ్ పేజీలు నేర్చుకుంటున్న పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. నేర్చుకోని పెద్దవాళ్లకు కూడా చివర్లో పని ఉంది.

వెబ్ పేజీ అంటే ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి మన కంప్యూటర్‌కి వచ్చే ఒక ఉత్తరం. అందులో మూడు రకాల రాతలుంటాయి. పేజీలో ఏమేం ఉన్నాయో చెప్పేది హెచ్‌టీఎంఎల్. అవి ఎలా కనబడాలో చెప్పేది సీఎస్ఎస్. ఎప్పుడు ఏం చెయ్యాలో చెప్పేది జావాస్క్రిప్ట్. ఇల్లు కట్టడం, రంగులు వెయ్యడం, స్విచ్చులు బిగించడం అనుకోండి. మన మండలాల వ్యవహారం మూడో దానిది. నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఆయన 1995లో దీని మొదటి రూపాన్ని పది రోజుల్లో తయారుచేశాడు. ఆ తొందరపాటుకు ప్రోగ్రామర్లు ఇప్పటికీ ఆయన్ని ఆడిపోసుకుంటూనే ఉంటారు, దాంతోనే పొట్టపోసుకుంటూనూ ఉంటారు.

జావాస్క్రిప్ట్‌లో రాసే ఆదేశాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. 'జిల్లా గడిలో ఎంపిక మారినప్పుడల్లా ఈ పని చెయ్యి. మండలం గడిలో ఉన్నవన్నీ తుడిచెయ్యి. పైన "ఎంచుకోండి" అని పెట్టు. ఆ జిల్లాకు చెందిన పేర్లు తీసి ఒక్కొక్కటే కింద చేర్చు. గ్రామం గడి కూడా ఖాళీ చెయ్యి.' అంతే. నేర్చుకునేవాళ్లు చాలామంది మరిచిపోయేది ఆ చివరి వాక్యమే. అది లేకపోతే ముందు గుంటూరు ఎంచుకుని, ఊరు కూడా ఎంచుకుని, తర్వాత జిల్లా మార్చినవాడి ఫారంలో జిల్లా కర్నూలు, ఊరు మాత్రం గుంటూరుదే మిగిలిపోతుంది. ఆఫీసులో చూసేవాళ్లకు అది తప్పుడు చిరునామా. నింపినవాడికి తన తప్పేమిటో తెలిసే దారి లేదు.

మండలాల పేర్లు ఎక్కడి నుంచి వస్తాయంటారా? రెండు దారులున్నాయి. అన్ని జిల్లాల జాబితాలూ ఆ ఉత్తరంతో పాటే ముందే వచ్చేసి, కనబడకుండా కూర్చుని ఉండొచ్చు. లేదా మీరు జిల్లా నొక్కిన క్షణాన మీకు తెలియకుండానే పేజీ సర్వర్‌ను అడిగి తెప్పించుకోవచ్చు. ఈ రెండో పద్ధతికి 2005లో 'అజాక్స్' అని పేరు పెట్టారు. జీమెయిల్, గూగుల్ మ్యాప్స్ దాన్ని ఇంటింటికీ తెచ్చాయి. దానికి ముందు చాలా ఫారాల్లో జిల్లా ఎంచుకోగానే పేజీ మొత్తం తెల్లబోయి, మళ్లీ మొదటి నుంచి లోడయ్యేది. గంటకు ఇంతని ఇచ్చి నెట్ సెంటర్లో కూర్చున్నవాళ్లకు ఆ తెల్లతెర ఖరీదు బాగా గుర్తుంటుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఈ జాబితా రాసేది మనిషి. జాబితాలో లేని ఊరు ఫారం దృష్టిలో భూమ్మీద లేనట్టే. హనుమకొండలో ఉన్నవాళ్ల సంగతే తీసుకోండి. 2016 అక్టోబరు దాకా వాళ్లది వరంగల్ జిల్లా. అప్పుడు తెలంగాణలో పది జిల్లాలు ముప్ఫయ్యొకటి అయ్యేసరికి వాళ్లది వరంగల్ అర్బన్. 2021లో పేరు మారి హనుమకొండ జిల్లా. ఇల్లు గడప దాటలేదు, చిరునామాలో జిల్లా రెండుసార్లు మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరు అయినప్పుడూ ఇంతే. పాత కాగితంలో ఒక జిల్లా, కొత్త ఫారంలో ఇంకోటి. వెబ్‌సైట్ వాళ్లు జాబితా మార్చడం ఆలస్యమైతే ఏది ఎంచుకోవాలి?

కాగితం ఫారం అయితే పక్కన ఖాళీలో 'ఇదివరకు వరంగల్ జిల్లా' అని రాసేవాళ్లం. గుమాస్తా గొణుక్కుంటూనే తీసుకునేవాడు. డ్రాప్‌డౌన్ దగ్గర ఆ ఖాళీ లేదు, దాంతో వాదించడానికీ లేదు. అందుకే నా ఓటు ఎప్పుడూ జాబితా చివర 'ఇతర' అని ఒకటి పెట్టేవాళ్లకే. అది ఎంచుకోగానే కింద ఒక కొత్త గడి తెరుచుకుని 'వివరం రాయండి' అంటుంది. ఆ ఒక్క గడి వల్ల ఎంతమందికి మీసేవ చుట్టూ తిరిగే పని తప్పుతుందో!

ఆ గడి అప్పటికప్పుడు పుట్టినట్టు కనబడుతుంది గానీ, చాలాసార్లు అది మొదటి నుంచీ అక్కడే ఉంటుంది. కనబడొద్దని దానికి చెప్పి ఉంచుతారు. ఇలా చెప్పడంలోనూ రెండు రకాలున్నాయి. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసిన సంగతి తలుచుకోండి. మనిషి కనబడడు, చోటు మాత్రం ఆయనదే. సీఎస్ఎస్‌లో 'విజిబిలిటీ హిడెన్' అంటే అది. పేజీలో ఆ మేర ఖాళీగా ఉండిపోతుంది. 'డిస్‌ప్లే నన్' అంటే తువ్వాలు కూడా లేదు. పక్కవాళ్లు జరిగి కూర్చుంటారు. ఆయన వచ్చాక అందరూ మళ్లీ సర్దుకుంటారు. ఫారంలో గడి తెరుచుకున్నప్పుడు కింద ఉన్నవన్నీ ఒక్కసారిగా కిందికి జరుగుతాయే, అది ఈ రెండోది.

ఇక వెబ్‌సైట్ పైభాగాన ఉండే మెనూలు. మౌస్ బాణం మీదికి పోగానే కిందికి తెరుచుకునేవి. వీటి చరిత్ర కొంచెం కన్నీటి కథే. 1997లో నెట్‌స్కేప్‌కు ఒక రకంగా, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఇంకో రకంగా, ఒకే మెనూని రెండుసార్లు రాయాల్సి వచ్చేది. 2003లో జావాస్క్రిప్ట్ పెద్దగా లేకుండా సీఎస్ఎస్‌తోనే మెనూ తెరిచే పద్ధతి ఒకటి బాగా ప్రాచుర్యంలోకి వచ్చింది. అప్పటికి ఎక్కువమంది వాడుతున్న ఎక్స్‌ప్లోరర్ ఆరో వెర్షన్‌కు లింకుల మీద తప్ప ఇంకెక్కడా బాణం ఆనిన సంగతి తెలిసేది కాదు. దాని కోసం మళ్లీ నాలుగు లైన్ల జావాస్క్రిప్ట్ అతికించేవారు.

ఇన్ని అవస్థలు పడి చేసిన ఈ మెనూలు వాడేవాళ్ల ప్రాణం తీసేవి. మెనూ తెరుచుకుంటుంది, పక్కకు ఇంకో మెనూ తెరుచుకుంటుంది, అందులో నాలుగో దాని దగ్గరికి బాణాన్ని ఐమూలగా తీసుకెళ్తాం. దారిలో బాణం వేరే పేరు మీదుగా పోతుంది. ఉన్న మెనూ మూసుకుపోయి ఇంకోటి తెరుచుకుంటుంది. మళ్లీ మొదటికి. చేతులు కాస్త వణికే అరవై ఏళ్ల మనిషి పింఛను వెబ్‌సైట్లో ఈ తంటా పడుతుంటే చూడలేం. ఫోన్లు వచ్చాక అసలు ఆ బాణమే లేకుండా పోయింది. వేలికి 'ఆనడం' తెలియదు, నొక్కడమే తెలుసు. కాబట్టి మెనూ రాసే పిల్లలకు ఒకటే మాట. ఆనితే తెరుచుకునేది కాదు, నొక్కితే తెరుచుకునేది రాయండి. మళ్లీ నొక్కేదాకా మూయకండి.

చూపు లేనివాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. వాళ్లు మౌస్ వాడరు. కీబోర్డు మీద ట్యాబ్ మీట నొక్కుకుంటూ పోతే, తెర మీద ఉన్నది ఒక సాఫ్ట్‌వేర్ పైకి చదివి వినిపిస్తుంది. అలాంటి వాటిలో ఎన్‌వీడీఏ అనేదాన్ని ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు అంధులే తయారుచేశారు. 2006లో మొదలైంది. పైసా ఖర్చు లేదు, తెలుగూ చదువుతుంది. అయితే పేజీ రాసినవాడు మామూలు బొమ్మకు రంగు వేసి బటన్‌లా చూపిస్తే కంటికి బటనే గానీ ఎన్‌వీడీఏకి అది బటన్ కాదు. దాటేసి పోతుంది. మెనూ తెరుచుకుందో మూసుకుందో కూడా పేజీ చెప్పాలి, లేకపోతే విన్నవాళ్లకు తెలియదు.

మీ ఇంట్లో పరీక్ష చేసి చూడండి. మౌస్ పక్కన పెట్టేసి, ట్యాబ్, ఎంటర్, బాణం మీటలతోనే మీరు రోజూ వాడే వెబ్‌సైట్‌లో ఒక ఫారం నింపడానికి ప్రయత్నించండి. ఎక్కడ ఇరుక్కుపోయారో చూసుకోండి. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది కూడా. నిజానికి ఇప్పుడు పని చాలా తేలిక. 'డిటెయిల్స్', 'సమ్మరీ' అని హెచ్‌టీఎంఎల్‌లోనే రెండు పదాలున్నాయి. నొక్కితే తెరుచుకునే, మళ్లీ నొక్కితే మూసుకునే పెట్టె వాటితో తయారైపోతుంది. జావాస్క్రిప్ట్ అక్కర్లేదు, ట్యాబ్ మీటకు అందుతుంది. 2020 నుంచి ముఖ్యమైన బ్రౌజర్లన్నింటిలోనూ పనిచేస్తోంది.

ఇప్పుడు అసలు చిక్కు. దాచిన గడి కనబడదు గానీ మన కంప్యూటర్లోకి వచ్చేసింది కదా. కంప్యూటర్లో కంట్రోల్, యు మీటలు కలిపి నొక్కితే వచ్చిన ఉత్తరం మొత్తం, దాచిన వాటితో సహా, బయటపడుతుంది. తొలినాళ్ల ఆన్‌లైన్ దుకాణాల్లో కొన్ని వస్తువు ధరను ఇలా దాచిన గడిలో పెట్టేవి. తెలివైనవాడు ఆ ధర మార్చి పంపిస్తే అదే ధరకు బిల్లు పడేది. అందుకే ధరైనా, వయసైనా, అర్హతైనా చివరికి సర్వర్ దగ్గర మళ్లీ చూసుకోవాలి.

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో 2021 అక్టోబరులో ఇంతకన్నా పెద్ద గొడవే అయింది. అక్కడి విద్యాశాఖ వెబ్‌సైట్లో టీచర్ల అర్హతలు వెతికి చూసుకోవచ్చు. సెయింట్ లూయిస్ పోస్ట్ డిస్పాచ్ అనే దినపత్రిక విలేఖరి ఒకాయన ఆ పేజీ సోర్స్ చూస్తే టీచర్ల సోషల్ సెక్యూరిటీ నంబర్లు అందులో ఉన్నాయి. మనకు ఆధార్ ఎలాగో వాళ్లకు అది అలాగ. లక్షకు పైగా నంబర్లు ప్రమాదంలో ఉన్నాయని తేలింది. పత్రిక ముందుగా అధికారులకు చెప్పి, వాళ్లు సరిచేసుకున్నాకే వార్త వేసింది. అయినా గవర్నర్ ఆ విలేఖరిని హ్యాకర్ అన్నాడు, కేసు పెట్టిస్తానన్నాడు. తన కంప్యూటర్‌కి వచ్చిన ఉత్తరం తాను చదివినవాడు హ్యాకర్ ఎలా అవుతాడో మరి! నాలుగు నెలల తర్వాత ప్రాసిక్యూటర్ కేసు పెట్టడం లేదని చెప్పడంతో ఆ కథ ముగిసింది.

దాచింది చూడొచ్చు, సరే. కనబడేదాన్ని మార్చనూవచ్చు. పేజీలో ఏదైనా అంకె మీద కుడి మీట నొక్కి 'ఇన్‌స్పెక్ట్' అనండి. తెరుచుకున్న రాతలో ఆ అంకె దొరికితే దాని మీద రెండుసార్లు నొక్కి, వేరేది టైపు చేసి ఎంటర్ కొట్టండి. తెర మీద అంకె మారిపోతుంది. ఎనభై మార్కులు తొంభై ఎనిమిది అవుతాయి. మారింది మీ దగ్గరున్న నకలు మాత్రమే, సర్వర్లో అసలు అలాగే ఉంటుంది. పేజీ రిఫ్రెష్ చేస్తే పాతది వచ్చేస్తుంది. పిల్లలకు ఇది సరదా. అద్దె వేశానని, ఫీజు కట్టానని, ఇన్ని మార్కులొచ్చాయని వాట్సాప్‌లో వచ్చే స్క్రీన్‌షాట్ ఎంత నమ్మకమైనదో పెద్దవాళ్లకు దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఈ సరదాతోనే మోసగాళ్లు బతుకుతున్నారు. 'మీకు ఐదు వేలు రీఫండ్ రావాలి' అని ఫోను వస్తుంది. సాయం చేస్తామంటూ మీ కంప్యూటర్ తమ చేతిలోకి వచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి వేయిస్తారు. బ్యాంకు ఖాతా తెరవమంటారు. తెరను ఒక నిమిషం నల్లగా చేసి, బ్యాలెన్స్ అంకెను అక్కడికక్కడే మార్చేస్తారు. 'అయ్యో, పొరపాటున యాభై వేలు పడ్డాయి, నా ఉద్యోగం పోతుంది, మిగతా నలభై ఐదు వేలు తిరిగి పంపండమ్మా' అని ఏడుస్తారు. కళ్లెదుట అంకె కనబడుతోంది కాబట్టి జాలిపడి పంపేస్తారు. పోయేది సొంత డబ్బు. అమెరికాలోని వృద్ధులకు ఇలాంటి ఫోన్లు మన దేశంలోని నకిలీ కాల్ సెంటర్ల నుంచే వెళ్తున్నాయని పోలీసు కేసుల్లో చాలాసార్లు బయటపడింది. పిల్లల దగ్గరికి వెళ్లి అక్కడే ఉన్న అమ్మానాన్నలకు ఈ సంగతి ఫోనులో ఒకసారి చెప్పి ఉంచండి.

అలాంటప్పుడు రిఫ్రెష్ చేస్తే యాభై వేలు కాస్తా మాయమవుతాయి. కానీ కంప్యూటర్ వాళ్ల చేతిలో ఉంది కాబట్టి ఆ మీట దాకా మీ వేలు పోనివ్వరు. ఫోను పెట్టేసి, కంప్యూటర్‌కి వచ్చే నెట్ తీసేసి, బ్యాలెన్స్ వేరే ఫోనులోనో బ్యాంకు శాఖలోనో చూసుకోండి. డబ్బు ఇప్పటికే పంపేసి ఉంటే మన దేశంలో అయితే 1930కి వెంటనే ఫోన్ చెయ్యండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతూ ఉంటుంది.