నిర్దోషిని కూడ చూపిన వేట

పరదేశంలో తలదాచుకొన్న నేరస్థుణ్ణి పోలీసులు వెంటాడే చిత్రాలు మన పిల్లలు చాలానే చూస్తున్నారు. వాటిలో గడ్డం, టోపీ కనబడగానే విలన్ ఎవరో తెలిసిపోతుంది. టర్కీ దర్శకుడు మహ్సున్ కిర్మిజిగుల్ 2010లో తీసిన ‘న్యూయార్క్‌లో ఐదు మినార్లు’ కూడ అట్లే మొదలవుతుంది. ‘దజ్జాల్’ అనే ఉగ్రవాద నాయకుడు ఇతడేనని అనుమానించి, హాజీ గుముష్ అనే ధార్మిక పెద్దను స్వదేశానికి తీసుకొని పోవడానికి ఇద్దరు టర్కీ పోలీసులు అమెరికాకు వస్తారు. తుపాకుల మోతకు కొదువ లేదు. అయితే హాజీ నిర్దోషి. క్రైస్తవురాలైన భార్యతో అన్యోన్యంగా కాపురం చేస్తున్న గృహస్థు. హలూక్ బిల్గినెర్ ఆ పాత్రను నిండుగా పోషించాడు. ఉపన్యాసాలు కొంత తగ్గించి ఉంటే బాగుండేదని మాత్రం నా అభిప్రాయం.

దస్త్రాల మధ్య ఉద్యోగం చేసినవాణ్ణి కనుక చెబుతున్నాను: కాగితంపై ఒకసారి పడిన అనుమానం సులభంగా చెరగదు. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత పోలీసులు పట్టుకొన్న ముస్లిం యువకులు పలువురు న్యాయస్థానంలో నిర్దోషులుగా తేలారు. ప్రభుత్వం వారికి పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు దానిని చెల్లదన్నది. పట్టుబడిననాడు వారి పేర్లు మారుమ్రోగాయి. విడుదలైననాడు ఎన్ని పత్రికలు మొదటి పుటలో వేశాయి?

తెలుగులో పోలీసు వేటలు తీసే దర్శకులు ఆ యువకుల ఇండ్లకు వెళ్లి, వారి తల్లులతో ఒక పూట మాట్లాడవలసింది. కథకు కావలసిన ఉత్కంఠ అక్కడ ఏమాత్రం తక్కువ లేదు.