ఫెలోషిప్ బహుమానం కాదు, ల్యాబ్‌లో చేసిన పనికి కూలి

1942 అక్టోబరులో బాబాసాహెబ్ అంబేడ్కర్ వైస్రాయ్ లిన్‌లిత్‌గోకు షెడ్యూల్డ్ కులాల కష్టాల మీద ఒక మెమొరాండం ఇచ్చారు. వైస్రాయ్ కౌన్సిల్లో చేరి అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు. అందులో ఉద్యోగాల గురించి, రాజకీయ ప్రాతినిధ్యం గురించి ఆయన ఏం రాశారో మన సభల్లో వింటూనే ఉంటాం. చదువు గురించి అడిగినదాన్ని మాత్రం ఎవరూ పెద్దగా ఎత్తరు. ఆర్ట్స్, లా చదువులతో షెడ్యూల్డ్ కులాలకు ఒరిగేది తక్కువ, సైన్స్, టెక్నాలజీల్లో ఉన్నత విద్యే వాళ్లకు అక్కరకొస్తుంది, కానీ ఆ చదువుల ఖర్చు వాళ్లు మోయలేరు కాబట్టి సర్కారే మోయాలి అన్నది ఆయన వాదన. ఈ మాట అంటున్నది స్వయంగా ఎకనామిస్టు, బారిస్టరు! దేశంలో సైన్స్, టెక్నాలజీ చదివే మన పిల్లల స్కాలర్‌షిప్‌లకు ఏడాదికి 2 లక్షలు, విదేశాల్లో చదివేవాళ్లకు లక్ష ఇవ్వాలని లెక్క కట్టి మరీ అడిగారు.

ఆయన అడిగింది ప్రతిభా పురస్కారం కాదు. స్కాలర్‌షిప్ గడువు అయిపోతే ఏమవుతుందో ఆయనకు పుస్తకాల్లో చదివి తెలిసిన సంగతి కాదు. 1913లో బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున ఇస్తే కొలంబియాకు వెళ్లారు. 1917లో ఆ గడువు ముగిస్తే లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పని మధ్యలో వదిలి ఓడెక్కారు. తిరిగి వెళ్లడానికి మూడేళ్లు పట్టింది. అంబేడ్కర్ అంతటివాడి చదువునే ఆపగలిగిన డబ్బు, మామూలు విద్యార్థిని ఎంత సులువుగా ఆపుతుందో చెప్పాలా?

నేను రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేశాను. గత పదేళ్లలో సైన్స్ ఫెలోషిప్‌లలో వచ్చిన మార్పులను ఒక్కొక్కటిగా చూస్తే పథకం పేరు మార్చారనో, నిబంధన సవరించారనో అనిపిస్తుంది. కలిపి చూస్తే కనపడేది వేరు. కూలిగా ఇవ్వాల్సినదాన్ని బహుమానంగా మార్చేస్తున్నారు. కూలైతే పని చేసిన ప్రతివాడికీ హక్కు. బహుమానమైతే ఇచ్చేవాడి ఇష్టం.

మనకు అన్నిటికన్నా దగ్గరిదైన రాజీవ్ గాంధీ నేషనల్ ఫెలోషిప్‌నే తీసుకోండి. 2005–06లో ఎస్సీ, ఎస్టీ పరిశోధకుల కోసం మొదలైంది. దానికి నెట్ పాసవ్వాల్సిన పని లేదు. యూనివర్సిటీలో ఎంఫిల్‌లోనో పీహెచ్‌డీలోనో సీటు ఉండాలి, పీజీ మార్కులు చూస్తారు, అంతే. దాని ఉద్దేశమే అది. జేఆర్‌ఎఫ్ తలుపు మనవాళ్లకు ఇరుకుగా ఉంది కాబట్టి పక్కన ఇంకో తలుపు పెట్టారు. నా సీనియర్లలో సగం మంది ఆ తలుపులోంచే వచ్చారు. తర్వాత ఎస్సీలకు ఇచ్చేదాని పేరు నేషనల్ ఫెలోషిప్ అయింది. గత దశాబ్దం చివర్లో ఎంపికను నెట్ పరీక్షకు కట్టేశారు. 2000 స్లాట్లలో 500 సైన్స్‌కు, వాటికి దారి సీఎస్‌ఐఆర్ నెట్. అంటే పక్క తలుపు మూసేసి, పాత తలుపు దగ్గరే ఇంకో క్యూ పెట్టి, దానికి మన పేరు రాశారు.

'మెరిట్ ఉంటే నెట్ రాదా' అని అడిగేవాళ్లు మనలోనూ ఉన్నారు. వాళ్లతో ఓపిగ్గానే మాట్లాడదాం. సీఎస్‌ఐఆర్ నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషులో, హిందీలో ఉంటుంది. హిందీ పట్టీ విద్యార్థికి కనీసం తన భాష ఉంది. ఊళ్లో తెలుగు మీడియంలో పదో తరగతి దాకా, మండల కేంద్రంలో ఇంటర్, జిల్లా కేంద్రంలో బీఎస్సీ చదివినవాడికి అదీ లేదు. ఇక ఎంఎస్సీ సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసేసింది. యూనివర్సిటీ క్యాంపస్‌లో సీటు రాక అనుబంధ కాలేజీలో చేరిన దళిత విద్యార్థి అక్కడే ఆగాలి, లేదా అప్పు చేయాలి. అప్పు చేసి చదివినవాడు నెట్ కోచింగ్‌కు ఏడాది ఖాళీగా కూర్చోగలడా? మూడు గంటల్లో, తప్పు జవాబుకు మార్కు కోసే పరీక్షలో ఎవడు వేగంగా గుర్తించగలడో తేలుతుంది. రియాక్షన్ పదిసార్లు ఫెయిలైతే పదకొండోసారి ఫ్లాస్కు కడిగి మళ్లీ మొదలుపెట్టేవాడెవడో తేలదు. పరిశోధనకు కావలసింది ఈ రెండోవాడు.

2024 మార్చిలో యూజీసీ ఇంకో అడుగు వేసి, నెట్ స్కోరునే పీహెచ్‌డీ ప్రవేశాలకూ వాడొచ్చంది. జేఆర్‌ఎఫ్ రానివాళ్లకు నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఇంటర్వ్యూ గదిలో ఇంటిపేరు, ఊరు అడిగాక ముప్పై మార్కులు ఎటు పోతాయో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకే పరీక్ష సీటుకు, ఫెలోషిప్‌కు, లెక్చరర్ ఉద్యోగానికి. ఒక్క మధ్యాహ్నం తప్పితే మూడూ పోతాయి. 2024 జూన్‌లో ఆ సీఎస్‌ఐఆర్ నెట్‌నే పరీక్షకు నాలుగు రోజుల ముందు వాయిదా వేశారు. అప్పటికే టికెట్లు కొనుక్కున్నవాళ్ల డబ్బులు ఎవరిచ్చారు?

మా ఊరి పక్క ఊరి చెల్లె ఒకామె ఉంది. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎంఎస్సీ. ఒక స్టేట్ యూనివర్సిటీ ఎంట్రన్స్ రాసి పీహెచ్‌డీ సీటు తెచ్చుకుంది. నెట్ రెండుసార్లు కొద్దిలో పోయింది. "అన్నా, చేరమంటవా? గైడ్ సారేమో ఫెలోషిప్ ఉంటేనే రమ్మంటుండు" అని ఫోన్ చేసింది. ఆ సార్‌ను తిట్టడం తేలిక. ఆయన ప్రాజెక్టు ఆగి మూడేళ్లయింది, సాల్వెంట్లు తన జీతంలోంచి కొంటున్నాడు. హిస్టరీలో ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీ నరకమే, నేను కాదనను. కానీ లైబ్రరీ ఉంటే ఏదో రకంగా ఈదొచ్చు. కెమిస్ట్రీలో సిలికా జెల్ లేకపోతే కాలమ్ నడవదు, ఎన్‌ఎంఆర్‌కు శాంపిల్ పంపితే శాంపిల్‌కింత అని కట్టాలి. కంటింజెన్సీ లేని స్కాలర్ ల్యాబ్‌లో పక్కవాడి రీజెంట్లు అడుక్కునేవాడవుతాడు. అడుక్కునేవాడికి పేపర్లో పేరు చివర్న ఉంటుంది, ఒక్కోసారి ఉండదు.

ఇటు మనకు తలుపు ఇరుకు చేస్తూ అటు ఎక్కడ తెరిచారో చూడండి. 2018లో ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ తెచ్చారు. మొదటి రెండేళ్లు నెలకు 70 వేలు, మూడో ఏడు 75 వేలు, ఆ తర్వాత 80 వేలు, పైగా ఏడాదికి 2 లక్షల రీసెర్చ్ గ్రాంటు. ఐఐటీ, ఐఐఎస్‌సీ, ఎన్‌ఐటీ, ఐసర్ వంటి కేంద్ర సంస్థల్లో చదివినవాళ్లు 8 సీజీపీఏ ఉంటే అర్హులు. బయటివాళ్లైతే ఆ సీజీపీఏతోపాటు గేట్‌లో 650 స్కోరు కూడా కావాలి. ఎక్కడ చదివావన్నదే ఇక్కడ సగం మెరిట్. 2025 బడ్జెట్లో ఐఐటీలు, ఐఐఎస్‌సీలో టెక్నాలజీ పరిశోధనకు ఐదేళ్లలో ఇలాంటివి 10 వేలు ఇస్తామన్నారు. ఇవ్వండి, మాకేం కుళ్లు లేదు. మరి సెంట్రల్ యూనివర్సిటీల్లో నాన్ నెట్ ఫెలోషిప్ 2012లో పెంచిన 8 వేల దగ్గరే ఎందుకు ఆగింది? దాన్నీ 2015 అక్టోబరులో తీసేయబోతే విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు పడుకుని, లాఠీలు తిని ఆపుకున్నారు. పైవాడికి ఒక్క నెలలో ఇచ్చేది కిందివాడికి దాదాపు తొమ్మిది నెలల బతుకు. ఇద్దరూ వాడేది అదే ఎసిటోన్, పీల్చేది అవే ఆవిర్లు. స్టేట్ యూనివర్సిటీల్లో ఆ 8 వేలు కూడా లేవు.

డిగ్రీ స్థాయిలోనూ ఇదే వరస. కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజనను 2022లో ఎత్తేసి ఇన్‌స్పైర్‌లో కలిపేశారు. కేవీపీవై కోసం నేను కన్నీళ్లు పెట్టుకోను. అది కోచింగ్ సెంటర్ల గోడల మీద ఫోటోలుగా మిగిలిన పరీక్ష. కానీ కలిపింది దేంట్లో? ఏడాదికి 80 వేలు ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌కు ప్రధాన అర్హత, బోర్డు పరీక్షలో పైనున్న ఒక్క శాతంలో ఉండటం. మన రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డుల్లో ఆ ఒక్క శాతం ఏ కార్పొరేట్ కాలేజీల్లో ఉంటుందో, వాళ్లు ఇంటర్ తర్వాత ఎటు పోతారో ప్రతి తల్లికీ తెలుసు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీలో చేరేది మిగతా తొంభైతొమ్మిది శాతం. పీహెచ్‌డీకి ఇచ్చే ఇన్‌స్పైర్ ఫెలోషిప్ యూనివర్సిటీ ఫస్ట్ ర్యాంకర్లకు. క్లాసులో రెండోవాడికి సైన్స్ అక్కర్లేదని కాబోలు!

ఆ ఫస్ట్ ర్యాంకర్ల గతి కూడా బాగాలేదు. 2024–25లో ఇన్‌స్పైర్ ఫెలోలకు నెలల తరబడి డబ్బు రాలేదు. శాఖ కార్యదర్శి బహిరంగంగా స్పందించాల్సి వచ్చింది. ముస్లిం, క్రైస్తవ, సిక్కు తదితర మైనారిటీ పరిశోధకుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022 డిసెంబరులో రద్దు చేశారు. వేరే పథకాలూ వాళ్లకు వర్తిస్తాయి కాబట్టి ఇది అనవసరమట. బాబాసాహెబ్ విదేశీ చదువుకు అడిగిన ఆ లక్ష వారసత్వమే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. 2025లో దానికి ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే తాత్కాలిక లేఖలిచ్చి, మిగిలినవాళ్లకు నిధులుంటే చూస్తామన్నారు. విదేశీ యూనివర్సిటీ సెప్టెంబరులో తెరుస్తారు, నిధుల కోసం ఆగదు.

2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్‌ను 31 వేల నుంచి 37 వేలకు, ఎస్‌ఆర్‌ఎఫ్‌ను 35 నుంచి 42 వేలకు పెంచారు కదా అంటారు. పెంచారు, మంచిదే. కానీ అంకె ఎంతన్నది ఒక సంగతి, ఏ నెలది ఏ నెలలో వస్తుందన్నది ఇంకో సంగతి. నా విషయంలో ప్రతినెలా యూనివర్సిటీలో ఒకరు 'మేకర్'గా పోర్టల్లో ఎక్కించాలి, ఇంకొకరు 'చెకర్'గా నొక్కాలి. ఒకసారి మా మేకర్ బదిలీ అయ్యాడు, కొత్తాయనకు పాస్‌వర్డ్ రాలేదు. ఐదు నెలలు. ల్యాబ్‌లో ఉన్న పై కులం స్నేహితుడికీ ఆగింది, అబద్ధం చెప్పను. అతను నవ్వి, ఇంటి నుంచి డబ్బు తెప్పించుకున్నాడు. నేను ఇంటికి పంపడం మానేశాను. మా నాన్న ఏమీ అడగలేదు. మా అమ్మ మాత్రం "నౌకరి పోయిందా బిడ్డా" అని ఒకసారి అడిగింది. ఆమె సరిగ్గానే అర్థం చేసుకుంది. మాకది నౌకరీయే.

ఈ ఆలస్యం ఎంత ప్రమాదమో హైదరాబాద్ యూనివర్సిటీ చరిత్ర చెబుతుంది. రోహిత్ వేముల అక్కడికి వచ్చింది సైన్స్ విద్యార్థిగానే. సైన్స్ రచయిత కావాలనుకున్నాడు. చివరి ఉత్తరంలో కూడా తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ లెక్క రాసి, 1 లక్షా 75 వేలు ఇంటివాళ్లకు ఇప్పించమన్నాడు. అంతకుముందు 2008లో ఫిజిక్స్‌లో సెంథిల్ కుమార్, 2013లో కెమిస్ట్రీలో మాదారి వెంకటేశ్. ఇద్దరి విషయంలోనూ గైడ్ కేటాయింపు దగ్గరే సమస్య మొదలైంది. ఈ పేర్లను మనం జయంతులకు, వర్ధంతులకు తలుస్తాం. వాళ్లలో ఇద్దరు చివరిదాకా ల్యాబ్ సైన్స్ మనుషులన్న సంగతి ఎందుకో మర్చిపోతాం.

ఇక్కడ మనవాళ్ల మీదా నాకొక ఫిర్యాదు ఉంది. క్యాంపస్‌లలో మన సంఘాల సమావేశాలు సోషల్ సైన్సెస్ బిల్డింగ్‌లో, సాయంత్రం నాలుగింటికి. ఆ వేళకు సైన్స్ స్కాలర్ రియాక్షన్ వదిలి రాలేడు. వస్తే గైడ్ మొహం మారుతుంది, ఆ గైడే నెలనెలా హాజరు మీద సంతకం పెట్టాలి. కాబట్టి ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో 2022లో మన చరిత్ర, సంస్కృతుల మీద పరిశోధనను నిషేధిస్తే పోరాటం వచ్చింది, రావాల్సిందే. ఆ 500 సైన్స్ స్లాట్లను నెట్‌కు కట్టినప్పుడు మాత్రం ఎవరూ ఊరేగలేదు. ఏటా వాటిలో ఎన్ని నిండుతున్నాయి, ఎంతమంది పీహెచ్‌డీ దాకా వెళ్తున్నారు, యూనివర్సిటీ వారీగా ఎన్ని నెలల బకాయి ఉంది అని అడిగే ఆర్టీఐ దరఖాస్తు ప్రతి ఏడాదీ ప్రతి క్యాంపస్ నుంచీ పడాలి. పదిరూపాయల పని. నెట్‌తో సంబంధం లేకుండా సీటు వచ్చిన ప్రతి ఎస్సీ, ఎస్టీ సైన్స్ స్కాలర్‌కు ఫెలోషిప్ ఇవ్వాలన్నది మన మొదటి డిమాండ్ కావాలి. ఎస్టీలకు గిరిజన మంత్రిత్వ శాఖ ఇచ్చే ఫెలోషిప్‌లో ఎంపిక ఇప్పటికీ పీజీ మార్కులతోనే సాగుతోంది. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు?

చెల్లె పీహెచ్‌డీలో చేరలేదు. చేరమని చెప్పే ధైర్యం నాకూ లేకపోయింది. జడ్చర్లలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో ఉంది, షిఫ్టుకు హెచ్‌పీఎల్‌సీ మీద ఎవరో తయారుచేసిన అణువుల స్వచ్ఛత చూస్తుంది. మొన్న ఫోన్ చేసి డిసెంబరు నెట్‌కు అప్లికేషన్ ఎప్పుడొస్తుందని అడిగింది. నైట్ షిఫ్టులో ఉన్నప్పుడు చదువుకోవచ్చట, మిషన్ రన్ అవుతున్నంతసేపు.