ఆ 120 రూపాయల లెక్క ఎవరిది?

2021లో గంగవరం పోర్టులో తనకున్న 10.4 శాతం వాటాను రాష్ట్ర ప్రభుత్వం అదానీ పోర్ట్స్‌కు అమ్మింది. షేరు 120 రూపాయల చొప్పున దాదాపు 645 కోట్లు. ఆ ధర తక్కువా, ఎక్కువా? ఇలాంటి ప్రశ్నకు లెక్క కట్టి జవాబు చెప్పడం ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్ పని. ఇది డిపాజిట్లు తీసుకునే బ్యాంకు ఉద్యోగం కాదు. కంపెనీలకు విలువ కట్టాలి, పెట్టుబడి సమకూర్చాలి, విలీనాలు నడిపించాలి.

పదో తరగతి అయ్యాక పిల్లలు ఎంఈసీ తీసుకుంటామంటే, ‘లెక్కలు వచ్చు కదా, ఎంపీసీ ఎందుకు వద్దు?’ అని అడ్డుపడేది మనమే. ఈ చిన్నచూపు మానాలి. ఇంటర్ తర్వాత సీఏ ఫౌండేషన్ రాయవచ్చు. ఇంజనీరింగ్‌లో చేరినా దారి మూసుకుపోదు. డిగ్రీ ఏదైనా క్యాట్ రాసి ఎంబీఏకు వెళ్లవచ్చు. 2015లో మొదలైన ఐఐఎం విశాఖపట్నం మన మధురవాడకు దగ్గరలోనే, గంభీరంలో ఉంది.

అయితే జీతంతోపాటు అర్ధరాత్రి దాకా సాగే పని గురించి కూడా పిల్లలకు చెప్పండి. ఈ సెలవుల్లో ఏదైనా కంపెనీ వార్షిక నివేదికను వాళ్లతో కలిసి చదవండి. లాభం ఎక్కడి నుంచి వచ్చింది, అప్పు ఎంత ఉంది అని వెతకమనండి. విసుగు లేకుండా వెతికితే, గ్రూపు ఎంపికలో వాళ్ల మాట వినండి.