బండికి ప్రార్థన సరే, వీధి మాటేమిటి?



సెకండ్ హ్యాండ్ బండి కొన్న మన కుర్రవాడు దాన్ని ముందు చర్చికి తెస్తాడు. పాస్టరుగారు హ్యాండిల్ మీద చెయ్యి వేసి, ప్రమాదాలు రాకూడదని ప్రార్థిస్తారు. మంచిదే. అదే బండి మొదటిసారి పెద్దకులాలవారి వీధిలోకి వెళ్తే వచ్చే ప్రమాదం మాటేమిటి?

తమిళనాడులోని శివగంగ జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో, ఒక దళిత విద్యార్థి చేతుల మీద కత్తులతో నరికారు. బుల్లెట్ బండి నడిపినందుకేనని కుటుంబం చెప్పింది. ఎస్సీ, ఎస్టీలను బహిరంగంగా మోటారు సైకిల్ నడపకుండా అడ్డుకోవడం నేరమని 2015లో అట్రాసిటీ చట్టంలో చేర్చారు. ఇలా జరుగుతోందని పార్లమెంటే ఒప్పుకున్నట్టు కాదా?

అయితే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులే ఎస్సీలు. బాప్తిస్మం తీసుకున్న దళితుడికి ఆ రక్షణ లేదు. దారికి అడ్డం నిలిచేవాడు మాత్రం మతం అడగడు, ఏ పేట అని అడుగుతాడు.

"క్రైస్తవులకు కులం లేదు" అని బోధించే పెద్దలారా, ఆ వీధికి వెళ్లి చెప్పండి!

తమ్ముళ్లూ, ఆర్‌సీ మీ పేరుకు మార్పించుకోండి, హెల్మెట్ పెట్టుకోండి, తలెత్తుకుని నడపండి. సంఘ పెద్దలారా, ఆ మూడవ పేరా తొలగించాలని అర్జీ పెట్టండి. ముందు మీరే సంతకం చేయండి.